నా సీసాలు మోసిన మనిషి

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకు, ఒకసారి ఫ్యాను తగ్గించడానికి, ఒకసారి మళ్ళీ పెంచడానికి. నాలుగోసారి ఎందుకు లేచానో నాకే తెలియదు. ఈ నిలకడలేనితనం ఇంకొన్నాళ్ళు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కాళ్ళు ఒకచోట నిలవవు, చేతులకు ఏదో ఒక పని కావాలి, మనసు ఉన్నచోట ఉండదు. అందుకే చేతికి పెన్ను ఇచ్చి చూస్తున్నాను. ప్రాణం మీదికి వచ్చి తప్పిపోయింది. నాలాంటివాళ్ళు మన బజార్లలో ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు. నాలాంటివాళ్ళంటే, ఎవరూ తాగుబోతులు అనని తాగుబోతులు.

మాది వరంగల్‌లో స్టీలు సామాన్ల దుకాణం. మా నాన్న పెట్టింది. పెళ్ళిళ్ళ కాలంలో బిందెలు, డబ్బాలు, టిఫిన్లు బస్తాలకు బస్తాలు పోతాయి. కొన్న సామాను మీద పేర్లు కొట్టి ఇవ్వడం మా పనిలో భాగం. చేతిలో పట్టుకునే చిన్న మిషను ఉంటుంది, దాంతో రాస్తే స్టీలు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు పడతాయి. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని హసన్‌పర్తి నుంచి, పాలకుర్తి నుంచి కూడా వచ్చి నా చేతనే కొట్టించుకునేవారు. ఐదారేళ్ళుగా మాత్రం పొద్దున పూట ఆ పని మానేశాను. "మధ్యాహ్నం రండ్రి, మిషను వేడెక్కాలె" అని గిరాకీలకు చెప్పేవాణ్ణి. వేడెక్కాల్సింది మిషను కాదు. పదకొండింటికి పైన గోదాములోకి పోయి ఒక గ్లాసు తాగి దిగితే, అప్పుడు వేళ్ళు నా మాట వినేవి.

ఆ గ్లాసు కూడా స్టీలుదే. అందులో ఏముందో పక్కన కూర్చున్నవాడికి కూడా కనబడదు. రాత్రి దుకాణం మూసేముందు మళ్ళీ అదే గ్లాసు, ఈసారి ఎక్కువ. మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. అలాంటి ఇంటివాడు వైన్సు ముందు ఎట్లా నిలబడతాడు? నిలబడలేదు, ఒక్కసారి కూడా. ఆ పని కొమురయ్యది.

కొమురయ్య మా హమాలీ. వర్ధన్నపేట దగ్గరి పల్లె, దాదాపు నా ఈడువాడే. లారీ నుంచి సామాను దించాలన్నా, పైకి ఎక్కించాలన్నా, కట్టలు కట్టాలన్నా అతనే. సాయంత్రం ఒక గుడ్డ సంచి ఇచ్చి పంపితే నాకు నా సీసా, తనకో చీప్ క్వార్టరు తెచ్చేవాడు. వైన్సు ముందు రోజూ కనబడేది అతను, కాబట్టి బజారు మొత్తానికి ఆ సీసాలన్నీ అతనివే. "మీ కొమురయ్య మస్తు తాగుతాండు సేటు, లివరు మిగులుతదా?" అని పక్క దుకాణం వాళ్ళు అడిగేవారు. "చెప్తే వింటడా" అనేవాణ్ణి నేను. ఇది రాస్తుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం అది అబద్ధమని కూడా తోచలేదు. అతను తాగుతాడు, నాకు కొంచెం అలవాటుంది. రెండూ వేరు వేరు సంగతులని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఇద్దరికీ ఒళ్ళు చెడటం మొదలైంది. నాకు ఆకలి పోయింది, కుడి డొక్కలో బరువు, కళ్ళు పచ్చన. మా ఇంటి డాక్టరు మా ఇంట్లో పండుగ భోజనాలు చేసే మనిషి. "కొద్దిగా ఫ్యాటీ లివర్ ఉంది, నూనె తగ్గించు, టెన్షన్ పెట్టుకోకు" అన్నాడు. తాగుతావా అని ఆయన అడగలేదు. అడిగితే నేను నొచ్చుకుంటానని ఆయన మర్యాద. కొమురయ్యకు దగ్గు పట్టుకుంది, మనిషి సగమయ్యాడు. అతన్ని మాత్రం అందరూ ఆ ఒక్కటే అడిగారు. వాళ్ళ ఊరి ఆర్‌ఎంపీ, మందుల దుకాణం అతను, నేను. "తాగుడు బందు చెయ్, అన్నీ తగ్గుతయ్." అంతకుమించి ఎవరమూ ఏమీ చూడలేదు. గిరాకీల ముందు దగ్గుతున్నాడని నేనైతే అతన్ని వెనక గదికి మార్చాను.

కార్తీకం, మాల వేసుకున్న వారం

ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. ఆ రోజుల్లో చుక్క ముట్టను. భక్తి ఉంది, లేదని అనను. కానీ నాకు మాల ఒక సర్టిఫికెట్ కూడా. తాగుబోతైతే నలభై ఒక్క రోజులు ఆపగలడా? నా భార్య విజయ కూడా దాన్నే పట్టుకుని బతికింది. ఎవరైనా ఏమైనా అంటే "మాలల ఉన్నప్పుడు చూడుండ్రి ఆయనను" అనేది.

అయితే ఏటేటా మొదటి వారం కష్టమవుతూ వచ్చింది. మొదట్లో ఊరికే చెమటలు. తర్వాత వణుకు. పోయిన ఏడాది నాలుగు రోజులు జ్వరం వచ్చినట్టు పడుకున్నాను, చన్నీళ్ళు పడలేదని ఇంట్లో అందరం అనుకున్నాం.

కొమురయ్య కూడా మాల వేసుకుంటాడు, స్వాములందరం కలిసి పూజ చేసుకునే మా సన్నిధానంలోనే. మాలలో అందరూ స్వామే. ఏడాదంతా "ఒరే కొమురయ్యా" అని పిలిచే నేను ఆ రోజుల్లో "కొమురయ్య స్వామీ" అంటాను, అతను నన్ను "స్వామీ" అంటాడు, ఒకే వరుసలో కూర్చుని భిక్ష చేస్తాం. మాల తీసిన మర్నాడు ఎవరి పిలుపు వాళ్ళకు వచ్చేస్తుంది.

ఈసారి దసరా అయిన వారానికి అతను గోదాములో నా దగ్గరికి వచ్చాడు. సంచి కింద పెట్టి చాలాసేపు నసిగాడు.

"సేటు, ఒక్క మాట. ఇప్పటి సంది జర జర తగ్గించుకుంట రారి. మాల నాడు ఒక్కపారే ఆపితె మంచిది గాదు. మూడేండ్ల కింద నాకు గట్లనే ఫిట్స్ అచ్చినయ్. పెద్ద దవాఖానల సారు చెప్పిండు, రోజు తాగెటోడు ఒక్కదెబ్బకు ఆపితె పానం పోతదని."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఇప్పుడు తెలుసు.

"నీకూ నాకూ ఒకటేనా? నువ్వు తాగేదేంది, నేను తాగేదేంది?"

అతను సీసా పెట్టి దిగిపోయాడు. నేను తాగేది ఖరీదైన విస్కీ కాబట్టి నా ఒంట్లో అది వేరే దారిన పోతుందని నా లెక్క.

మాల వేసుకున్న మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు నుంచి కూర్చోలేను, నిలబడలేను. భజనలో తాళం చేతిలోంచి జారిపడింది. కన్ను మూతపడలేదు. ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాను. మూడోరోజు మధ్యాహ్నం భిక్షలో విస్తరి ముందు కూర్చున్నాను. అన్నంలో ఎర్రచీమలు. ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాను, ఎంత ఏరినా ఇంకా వస్తున్నాయి. పక్క స్వామి "ఏం ఏరుతాన్రు స్వామీ?" అని అడగడం గుర్తుంది. అతనికి చీమలు కనబడటం లేదని నాకు కోపం వచ్చింది.

ఆ తర్వాతిదంతా చెప్పగా విన్నదే. నా ఒళ్ళంతా ఊగడం మొదలైందట. ఎవరో "స్వామి వచ్చిండు" అన్నారట. అందరూ లేచి శరణుఘోష అందుకున్నారు, గురుస్వామి కర్పూరం వెలిగించి నా ముందు హారతి తిప్పాడు. చుట్టూ నలభై మంది దండం పెడుతుండగా నేను నోట నురగతో వెనక్కి పడ్డాను. కొమురయ్య వాళ్ళను తోసుకుని వచ్చి నన్ను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన కండువా పెట్టి, "దేవుడు గాదు, ఫిట్స్. ఆటో పిలువుండ్రి" అన్నాడట. అప్పుడు కూడా ఒకరిద్దరు అతన్ని కసిరారని గురుస్వామే తర్వాత నాతో చెప్పాడు.

ఆసుపత్రి, ఆరు రోజులు

హనుమకొండలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఒంటి మీద నల్లబట్టలు, నుదుట గంధం, మెడలో మాల. డ్యూటీ డాక్టరు మా తమ్ముడు రమేశ్‌ను అడిగాడు, అలవాట్లు ఏమైనా ఉన్నాయా అని.

"చూస్తనే ఉన్నరు గదా సార్, మాలల ఉన్నడు" అన్నాడు రమేశ్.

"మా ఇంట్ల గుడ్డు సుత తినం సార్" అంది విజయ.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. డాక్టరు ఇంకోసారి అడగలేదు, అడగడానికి మొహమాటపడ్డట్టున్నాడు. తలకు స్కానింగ్ తీశారు. మెదడు జ్వరమేమో అన్నారు, వెన్నులోంచి నీళ్ళు తీసి చూడాలన్నారు. నేను మంచం మీద ఎగిరెగిరి పడుతున్నానని చేతులు కట్టేశారు. నాకు తెలిసిందల్లా మెట్ల మీద నుంచి గిన్నెలు పడుతూనే ఉండటం. ఆ చప్పుడు ఆగదు. ఎవరైనా ఆ గిన్నెల్ని పట్టుకోండని అరిచాను. భయమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. అది ఏదో అవుతుందేమోనన్న దిగులు కాదు. అయిపోతూ ఉంది, నన్ను కట్టేశారు, అంతే.

కింద వెయిటింగ్ హాల్లో ఏం జరిగిందో విజయ చాలా రోజులకు చెప్పింది. కొమురయ్య వెంటే వచ్చాడు. చెప్పుల్లేని కాళ్ళు, మాసిన నల్లలుంగీ, దగ్గు. వాచ్‌మన్ రెండుసార్లు బయటికి పంపాడు. అదే వేషంలో ఉన్న మా సన్నిధానం స్వాములు ఇంకో ఇద్దరు ఏసీ కింద సోఫాలో కూర్చున్నారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. కొమురయ్య మెట్ల దగ్గర కాచుకుని, డాక్టరు దిగుతుంటే అడ్డం నిలబడ్డాడు.

"సార్, మా సేటు రోజు తాగుతడు. పొద్దుగాల ఒక క్వార్టరు, రాత్రి హాఫు. మాల ఏసుకొని మూడొద్దులాయె, ఒక్కపారే ఆపిండు. నాకు గిట్లనే అయింది సార్."

రమేశ్ అతని కాలర్ పట్టుకున్నాడు. "నువ్వు తాగుబోతువైతే అందరు తాగుబోతులేనారా? ఎవల గురించి మాట్లాడుతున్నవ్?"

"కొట్టుండ్రి సారు, ఏం గాదు. తెచ్చెటోన్ని నేనే గదా, నాకెరుక" అన్నాడట కొమురయ్య.

డాక్టరు విజయ వైపు తిరిగి, "అమ్మా, నిజం చెప్పండి, మందు మారిపోతుంది" అన్నాడు. ఆమె చాలాసేపు పమిట కొంగు చూస్తూ కూర్చుంది. అక్కడ మా బజారు వాళ్ళు ఇద్దరు ఉన్నారు. తర్వాత తల ఊపింది. "నోటితోని అనలేదు, తలనే ఊపిన. గదానికే నా పానం పోయినంత పనయింది" అని నాతో చెప్పింది. ఆ సాయంత్రం నుంచి వేరే ఇంజక్షన్లు. మర్నాటికి గిన్నెల చప్పుడు ఆగింది, నిద్ర పట్టింది.

ఆ ఆరు రోజుల్లో చిన్న చిన్న మంచితనాలు కొన్ని గుర్తున్నాయి. ఒక ఆయమ్మ, పేరు అడగలేదు, నా చేతి కట్లు విప్పిన చోట కమిలిన తోలు మీద కొబ్బరినూనె రాసింది. గురుస్వామి వచ్చి, మంత్రం చెప్పి, నా మెడలోంచి మాల తీశాడు. నేను ఏడ్చాను. "పైలంగ ఉండు స్వామీ, కొండ యాడికి పోదు" అన్నాడు. ఇంటికి పంపే ముందు డాక్టరు నన్ను కూర్చోబెట్టి, మళ్ళీ ముట్టుకుంటే లివరు రెండేళ్ళు కూడా ఆగదని చెప్పాడు. రమేశ్ ఆయన గదిలోకి విడిగా వెళ్ళి, "పేపర్ మీద ఆ మాట రాయకుండ్రి సార్, బజార్ల మా ఇజ్జత్ పోతది" అని బతిమాలాడు. కాగితం మీద ఫిట్స్ అని వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. చావు దాకా తీసుకుపోయిన మాటనే మళ్ళీ దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

ఇల్లు, ఆ తర్వాతి రెండు నెలలు

ఒక మాట మధ్యలోనే చెప్పేస్తాను, చివరిదాకా కూర్చోగలనో లేదో. రోజూ తాగేవాళ్ళు మాల కోసమైనా, మొక్కు కోసమైనా, పంతానికైనా ఒక్కరోజులో ఆపకండి. ముందు డాక్టరుకు చెప్పండి, ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పండి, వాళ్ళు చెప్పినట్టు ఆపండి. మీకు సిగ్గయితే మీ సీసా తెచ్చేవాణ్ణి వెంట తీసుకుపోండి.

ఇంట్లో నిలకడ లేదు. పొద్దున మేడ మీద పచార్లు, మధ్యాహ్నం అల్మారాలు సర్దడం, సర్దినవి మళ్ళీ తీయడం. విజయ వెనకాలే తిరిగేది. నేను బాత్రూంలో పది నిమిషాలు ఎక్కువుంటే తలుపు కొట్టేది. "ఏం జేస్తున్నరు?" "స్నానం." "చప్పుడు లేదేంది?" ఒకనాడు అరిచాను, జైల్లో పెట్టినట్టుందని. ఆమె అరవలేదు. "నేను ఎన్నేండ్ల సంది జైల్ల ఉన్న, మీకెరుకనా?" అని వంటింట్లోకి పోయింది.

చూడటానికి వచ్చిన దోస్తులకు ఫిట్స్ అని చెప్పాం. కాగితం కూడా చూపించాం. ఆ కాగితం చేసిన పని ఏమిటంటే, నెలా పదిహేను రోజులకు నేనే దాన్ని నమ్మడం మొదలుపెట్టాను. "ఫిట్స్‌కు దీనికి ఏం సంబంధం, వారానికి ఒక్క పెగ్గు గుండెకు మంచిదే" అన్నాడొక దోస్తు. ఆ మాట నాలుగు రోజులు చెవిలో తిరిగింది. ఐదోనాడు సాయంత్రం గోదాములోకి పోయి కొమురయ్యను పిలిచి గుడ్డ సంచి చేతికిచ్చాను.

అతను తీసుకోలేదు.

"నేను పోను సేటు."

"ఏమన్నవ్?"

"నేను పోను. ఎవలనన్న పంపుకోరి."

ఎన్నేళ్ళుగానో వినని మాట. నోటికొచ్చింది అన్నాను. రేపటి నుంచి పనికి రావద్దన్నాను. ప్రాణం నిలబెట్టినవాణ్ణి, దగ్గుతో వంగిపోయిన మనిషిని, నిలబెట్టి పనిలోంచి తీసేశాను. అతను సంచి మడిచి డబ్బా మీద పెట్టి, మెట్లు పట్టుకుని నెమ్మదిగా దిగాడు.

ఇక నేనే పోదామని బయలుదేరాను. వైన్సు ఇంకా పది అడుగులుందనగా ఎవరో "నమస్తే సేటు, ఏందిటు?" అన్నారు. మందుల దుకాణానికి అని చెప్పి వెనక్కి తిరిగాను. ఇజ్జత్ అనేది జీవితంలో ఆ ఒక్కనాడు నాకు పనికొచ్చింది.

కొమురయ్యను తీసేసిన సంగతి నాలుగు రోజులకు విజయకు తెలిసింది. ఆమె చెప్పులు వేసుకుంది. "నడువుండ్రి" అంది.

కొమురయ్య ఇల్లు

ఆ ఊరు నాకు తెలుసు, ఇల్లు తెలియదు. ఇన్నేళ్ళలో పోలేదు. రేకుల ఇంటి ముందు అతను గొంగడి కప్పుకుని ఎండలో కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, దగ్గు లేవనివ్వలేదు. అతని భార్య లచ్చమ్మ కుర్చీలు వేసి, నీళ్ళిచ్చి, తలుపు దగ్గర నిలబడింది.

"పొద్దుమీకంగనే జెరం అత్తాంది సారు. ఎవలకు సూపిచ్చినా తాగుడు బందు వెట్టమంటరు. మరి మాలల ఉన్నన్ని దినాలు సుక్క ముట్టలే గదా. అప్పుడు సుత జెరం అచ్చింది, దగ్గు సుత అచ్చింది. గది ఎవలకు జెప్తె వింటరు?"

ఆ ఆడమనిషి చదువుకోలేదు. మా అందరికంటే ముందు ఆలోచించింది ఆమే. నలభై ఒక్క రోజులు తాగకపోయినా జ్వరం వచ్చిందంటే ఇది తాగుడు జ్వరం కాదు. ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. అతన్ని చూడగానే మాకు రోగం పేరు దొరికిపోయేది, ఇక వెతికేది ఏముంది? నన్ను చూస్తే ఎవరికీ ఆ పేరు నోట రాదు. నాకు మర్యాద ఎక్కువై చావు దగ్గరికి వచ్చింది, అతనికి మర్యాద లేక.

"దవాఖానకు పోదాం, నేను వస్త" అన్నాను.

అతను నవ్వాడు. "ఎందుకు సేటు, ఆడ సుత గదే అంటరు."

"పని సంగతి..." అని మొదలుపెట్టాను.

"పనికి వస్త. సంచి మాత్రం పట్టుకపోను" అన్నాడు.

మాఘం, సర్కారు దవాఖాన

మూడుసార్లు పోయాం. మొదటిసారి చిట్టీల లైను, రెండోసారి తెమడ పరీక్ష, ఎక్సరే. బెంచీలు నిండితే జనం గోడల వారగా చద్దర్లు పరుచుకుని కూర్చున్నారు. ఎవరో ముసలావిడ మా ఇద్దరికీ చెరో బత్తాయి తొన ఇచ్చింది. నాకు కూర్చోబుద్ధి కాక కారిడారు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే, "కూసోరి సేటు, మిమ్ముల జూస్తె నాకు కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు కొమురయ్య.

మూడోసారి పోయినప్పుడు టీబీ అని చెప్పారు. వినగానే అతను భయపడలేదు. దగ్గుకు తాగుడు కాక ఇంకో పేరు దొరికిందని కాస్త తేటపడ్డట్టే కనిపించాడు.

మందులు రాసే గది ముందు లైనులో ఉండగా నా చెవి దగ్గర మాస్కు జరిపి చెప్పాడు. "లోపల తాగుతున్నవా అని అడుగుతరు. లేదంట. మీరు ఏం అనకుండ్రి."

"తాగుతున్నవా ఇప్పుడు?"

"దినాం ఒక క్వార్టరు. తాగుతనంటె సిట్టి మీద గదే రాసి పంపుతరు సేటు. ఇంకేం సూడరు. ఇన్నేండ్లు నిజం చెప్పే గిట్లయిన."

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పొద్దుటి నుంచి కూర్చుని గొంతు బొంగురుపోయింది. కొమురయ్య ఎక్సరే లైటుకు పెట్టి చూసింది.

"ఆరు నెలలు మందులు మింగాలె. ఒక్కరోజు తప్పొద్దు. ఇవి లివరు మీద పనిచేస్తయ్, అందుకే అడుగుతున్న. తాగుతవా?"

"లేదు మేడం" అన్నాడు కొమురయ్య.

ఆమె రాసుకుంటోంది. ఊరుకుంటే ఆ మందులు, ఆ క్వార్టరు కలిసి ఇతని లివరును తినేస్తాయి. చెబితే నా మీద ఉన్న ఆ కాస్త నమ్మకం పోతుంది. నా సంగతి ఇతను అందరి ముందు చెప్పి దెబ్బలు తినబోయాడు. అప్పుడు నాకు ఒళ్ళు తెలియదు కాబట్టి సిగ్గు పడే కష్టం కూడా తప్పింది. ఇప్పుడు తెలుసు. వెనక తలుపు తీసే ఉంది, లైనులో జనం తొంగి చూస్తున్నారు.

"తాగుతడు మేడం. రోజుకో క్వార్టరు" అన్నాను.

కొమురయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. ఆమె పెన్ను ఆపి అతన్ని కోపంగా చూసింది. "అబద్ధమెందుకు చెప్పినవయ్యా? తాగుకుంట ఈ మందులు మింగితే ఏమైతదో తెలుసా?" అతను తల వంచుకున్నాడు. ఒక్కమాటకు, ఒక్క క్షణంలో, ఆమె నమ్మేసింది.

"నేను కూడా మేడం" అన్నాను.

"మీరు కూడా ఏంది?"

"నేను తాగుబోతును. ఇతనికంటె ఎక్కువ. కార్తీకంల దాంతోనే పడిపోయిన, ఫిట్స్ వచ్చినయ్. ఆపి రెండు నెలలు దాటింది, ఉంటలేను మేడం, కూర్చుంటే కూర్చోబుద్ధి అయితలేదు. ఇద్దరికి కలిపి ఏమన్న చెప్పుండ్రి."

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. ఆమె నా చొక్కా చూసింది, చేతి గడియారం చూసింది, వేలి ఉంగరం చూసింది. ముఖంలో కోపం పోయి మర్యాద వచ్చింది.

"అయ్యో, మీరు చూస్తె అట్ల లేరు సార్. ఏదో అప్పుడప్పుడు పార్టీలల్ల తీసుకుంటరేమో."

"లేదు మేడం, రోజూ."

"పనివాని మీద ప్రేమతోని అంటున్నరా?" అని నవ్వింది.

ఇన్నాళ్ళూ దాచడానికి పడ్డ పాటు ఒక ఎత్తు, ఇప్పుడు నమ్మించడానికి పడుతున్న పాటు ఒక ఎత్తు. అప్పటిదాకా తల వంచుకుని ఉన్న కొమురయ్య మాస్కు కిందికి లాగబోయి, మళ్ళీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నిజమే మేడం. సేటు అబద్ధం ఆడుతలేడు. తెచ్చిచ్చెటోన్ని నేనే."

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు పోయింది. సొరుగులోంచి ఇంకో చిట్టీ తీసి, నా పేరు అడిగి రాసుకుంది. తాగుడు మాన్పించే విభాగం పక్క బిల్డింగులో ఉందని, ఇద్దరూ కలిసి పొమ్మని చెప్పి, పెన్ను ఎత్తి అడిగింది.

"ఎన్నేండ్ల నుంచి తాగుతున్నరు?"

"పన్నెండేండ్లు" అన్నాను.

"పద్దెనిమిది మేడం" అన్నాడు కొమురయ్య. "మా చిన్నబిడ్డ పుట్టిన ఏడు మొదటిసారి తెచ్చిన. నాకు మంచిగ యాదికుంది."

ఆమె పెన్ను గాల్లోనే ఉంచి నా వైపు చూసింది. పద్దెనిమిది అని రాయమన్నాను.